రాత్రివేటలో తిరుగుదారి

మన పెద్దలు చెప్పే వేట కథలన్నీ తుపాకి పేలడంతో ముగుస్తాయి. పంది పడింది, అందరూ సంతోషించారు, కథ కంచికి. ఆ తరువాత ఆ నడిరాత్రి, ఆ బరువు మోసుకుని, ఆ ఏడెనిమిది మందీ ఇల్లెట్లా చేరారన్నది ఎవరూ చెప్పరు, మనమూ అడగము. మా తాత మాత్రం మాకు వేట కథ ఒక్కటీ చెప్పలేదు. ఆయన చెప్పినదంతా ఇంటికి తిరిగిరావడం గూర్చే. ఎందుకలా చెప్పేవాడో చిన్నతనంలో మాకు తెలియదు. తెలిసిన తరువాత ఈ సంగతులు మన పత్రికలో వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను.

ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. ఇది వేటకు పురికొల్పే వ్యాసం కాదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టుదిట్టం చేసింది. 1991లో దానికి చేసిన సవరణతో సరదా వేటకు ఇచ్చే లైసెన్సులు కూడా పోయాయి. ఇప్పుడు అనుమతి లేనిదే రాత్రిపూట రిజర్వు అడవిలో కాలు పెట్టకూడదు. వేట పోయింది, మంచిదే. కాని చీకటి పోలేదు. రాగిచేనికి కాపలా ఉండే రైతుకు, తప్పిపోయిన పశువును వెదికేవాడికి, అడవిశాఖలో గస్తీ తిరిగే వాచరుకు, కొండ మీది దేవుడికి మ్రొక్కు తీర్చుకుని ప్రొద్దుపోయి దిగే కుటుంబానికి ఆనాటి వేటగాళ్ళ తెలివి ఇప్పటికీ పనికివస్తుంది. ఆ తెలివిని వాళ్ళు ఊరకే సంపాదించలేదు. ఒక్కొక్క చోట చాలా ఖరీదు చెల్లించి సంపాదించారు.

మా అడవులు

మాది హోసూరు ప్రాంతం. ఒకప్పుడు సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. జిల్లా పేరు మారుతూ వచ్చింది గాని ఇంట్లో మాట తెలుగే, అంగడిలో మూడు భాషలూ. డెంకణికోట, తళి, జవళగిరి, అంచెట్టి వైపున ఊరి పొలాలు ముగిసేచోటే అడవి మొదలౌతుంది. ఆ అడవి మెట్టమెట్టగా దిగి కావేరి లోయలో కలుస్తుంది. అందులో కొంత భాగాన్ని 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించారు.

ఈ అడవుల పేర్లు ఇంగ్లీషు చదివేవాళ్ళకు కూడా తెలుసు. 1910లో హైదరాబాదు దగ్గరి బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, 1974లో అక్కడే కాలం చేసిన కెన్నెత్ ఆండర్సన్ దొర మనుషులను తినే పులుల కోసం ఇక్కడ చాలా రాత్రులు గడిపాడు. 1954లో వెలువడిన ఆయన మొదటి పుస్తకంలో జవళగిరి పులి కథ ఉంది. 1959లో వచ్చిన మరొక పుస్తకానికి శివనిపల్లి నల్లచిరుత పేరే పెట్టాడు. ఆయన రైఫిలుకు టార్చి బిగించుకుని రాత్రులు కాచేవాడు. ఉత్తరాన కుమావూఁ కొండల్లో జిమ్ కార్బెట్టు కూడా అంతే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బర్మా పోరుకు పోయే సైనికులకు అడవిలో మెలిగే పద్ధతి నేర్పినవాడు ఆ కార్బెట్టు. ఇటువంటి గట్టివాళ్ళు కూడా సామాన్యంగా మంచె మీద కూర్చుంటే తెల్లవారేదాకా దిగేవాళ్ళు కారు. అది భయం కాదు, లెక్క. రాత్రి అడవిలో మృగానిది పైచేయి. దానికి దారి తెలుసు, మనకు తెలియదు.

1963 మార్గశిరం

మా తాతల వేట ఇంత గొప్పది కాదు. కోతకు వచ్చిన రాగిచేలల్లో పందులు పడి ఒక్క రాత్రిలో ఏడాది తిండిని తొక్కి పోయేవి. ఊళ్ళో ఏడెనిమిది మంది, రెండు నాటు తుపాకులు, నాలుగు కుక్కలు, లాంతర్లు, ఒక మూడు సెల్లుల టార్చి. తుపాకులవాళ్ళు వంకకు ఈవల కూర్చుంటే తక్కినవాళ్ళు ఆవల నుంచి అరుస్తూ పందులను తోలుకురావాలి. ఇంతే వాళ్ళ వేట.

1963లో మార్గశిర అమావాస్య నాటి రాత్రి అది. తుపాకుల్లో ఒకటి మా తాతది. ఆయన అన్న, మేము పెద్దతాత అని పిలిచే ఆయన, తోలేవాళ్ళతో కలిసి వంకకు ఆవల ఉన్నాడు. మా వైపున ఆ నెలలో మంచు ఎక్కువ. రెండు జాములయ్యేసరికి లాంతరు వెలుగు నాలుగు బారల దూరం కూడా పారకుండా పొగమంచు కమ్మింది. అంతలో పెద్దతాత లాంతరు గాలికి ఆరిపోయింది. అగ్గిపెట్టె చెమ్మగిల్లి వెలగలేదు. తక్కినవాళ్ళ కేకలు ఒకసారి కుడివైపున, ఒకసారి ఎడమవైపున వినిపిస్తున్నాయి. ఊరు ఇటువైపే అని ఒక నిశ్చయానికి వచ్చి ఆయన నడవసాగాడు. నేరుగా నడుస్తున్నాననే అనుకున్నాడు. కాని చుట్టు తిరిగి వంక దాటి సరిగ్గా తుపాకుల ఎదుటికే వచ్చాడు.

లాంటానా పొదల్లో చప్పుడు విని మా తాత పక్కనున్నవాడు టార్చి వేశాడు. ఏమీ కనిపించలేదు. పొద కదులుతూనే ఉంది. టార్చి వెలుగుకు ఆవు కళ్ళు, మేక కళ్ళు, కుక్క కళ్ళు, జింక కళ్ళు, చిరుత కళ్ళు అద్దాల్లా మెరుస్తాయి. వాటి కంటి వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. పంది కంటికి ఆ పొర లేదు. కళ్ళు మెరవలేదు గనుక పశువు కాదు, కుక్క కాదు, పందే అనుకున్నాడు మా తాత. మనిషి కంటికి కూడా ఆ పొర లేదన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు తోచలేదు. తుపాకి పేల్చాడు.

గుండ్లు పెద్దతాత కుడి మోకాలిలో దిగాయి. మంచం మీద వేసి ఊరికి మోసుకువచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండిలో ఆసుపత్రికి చేర్చేసరికి బారెడు ప్రొద్దెక్కింది. ప్రాణం దక్కింది. కాలూ దక్కింది గాని మోకాలు మళ్ళీ వంగలేదు. ఆ తరువాత 20 ఏళ్ళకు పైగా బ్రతికి, ఒక కాలు చాచుకునే భోజనానికి కూర్చునేవాడు. మా తాత ఆ వారంలోనే తుపాకిని, లైసెన్సును పోలీసు ఠాణాలో అప్పజెప్పి వచ్చాడు.

అన్నదమ్ములిద్దరూ ఆ సంగతి మా ఎదుట మాట్లాడుకోగా నేను వినలేదు. మా జేజి చెప్పింది. ఆసుపత్రిలో తెలివి వచ్చిన తరువాత పెద్దతాత తమ్ముడి చెయ్యి పట్టుకుని అన్న మాట ఇది: "తప్పు నీది గాదు లేరా. దోవ తప్పినోడు నిలబడాల. కూతేసి నిలబడాల. నేను నడిచినాను."

మా తాత మాకు నేర్పినదంతా ఈ మాటకు వ్యాఖ్యానమే.

మనిషి ఎందుకు చుట్టు తిరుగుతాడు

దారి తప్పినవాడు గుండ్రంగా తిరుగుతాడని పల్లెల్లో అందరూ అంటారు. కొరివిదయ్యం త్రిప్పిందనీ అంటారు. ఇందులో దయ్యం ఏమీ లేదు. 2009లో జర్మనీలోని ట్యూబింగన్ పట్టణంలో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి చూశారు. కొందరిని ఒక పెద్ద అడవిలోను, కొందరిని ట్యునీషియా దేశంలోని సహారా ఎడారిలోను నేరుగా నడవమన్నారు. ఎవరు ఏ దారిన నడిచారో యంత్రాలతో గుర్తించారు. సూర్యుడు కనిపిస్తున్నప్పుడు వాళ్ళు చాలావరకు నేరుగానే నడిచారు. మబ్బు పట్టిన రోజున అడవిలో నడిచినవాళ్ళు తాము నడిచిన దారినే మళ్ళీ దాటుకుంటూ చుట్లు తిరిగారు. అట్లా తిరుగుతున్నట్టు వాళ్ళకే తెలియలేదు. ఎడారిలో రాత్రిపూట నడిచిన ఒకాయన చంద్రుడున్నంతసేపు సరిగ్గా నడిచి, చంద్రుడు మబ్బు చాటుకు పోగానే మెల్లగా వంపు తిరిగి వచ్చిన వైపుకే మళ్ళాడు. కళ్ళకు గంతలు కట్టినప్పుడైతే కొందరు 20 మీటర్లయినా లేని సుడిలో తిరిగారు.

ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడవు కావడం దీనికి కారణం కాదట. ఏది నేరు అన్న మన అంచనాలో అడుగడుగునా కొంచెం కొంచెం పొరపాటు చేరుతుంది. దూరాన ఒక గురుతు కనిపిస్తుంటే కన్ను దాన్ని దిద్దుతుంది. గురుతు లేనప్పుడు దిద్దేదేమీ లేదు. కాబట్టి "నాకు దిక్కు బాగా తెలుసు" అనే ధైర్యం చీకట్లో ఎవరికీ పనికిరాదు. పెద్దతాత ఆ అడవిలోనే పుట్టి పెరిగినవాడు.

పోయేటప్పుడే తిరుగుదారి

"వచ్చేటప్పుడు దోవ వెతికేది గాదు, పోయేటప్పుడే వెతుక్కోవాల" అనేవాడు మా తాత. ఏ దారి అయినా పోయేటప్పుడు ఒక విధంగా, వచ్చేటప్పుడు మరొక విధంగా కనిపిస్తుంది. మనం చూసుకుంటూ పోయేది చెట్టుకు ఒక ముఖం, తిరిగివచ్చేటప్పుడు ఎదురయ్యేది రెండవ ముఖం. అందువల్ల ప్రతి మలుపులోను, దారి చీలిన ప్రతిచోటా నిలబడి వెనక్కి తిరిగి చూడాలి. చీకటి పడితే చెట్టు ఆకు, బెరడు కనిపించవు. ఆకాశం మీద నల్లగా గీసినట్టు కనిపించే కొండ అంచు, మోడు, బండరాయి ఇవే గురుతులు. పగలు పోయినా వాటినే గుర్తుపెట్టుకోవాలి.

వంక దాటితే నీరు ఏ చేతివైపు నుంచి ఏ చేతివైపుకు పారుతున్నదో చూసుకోవాలి. తిరిగి దాటేటప్పుడు అది తారుమారుగా ఉంటేనే సరిగ్గా వస్తున్నట్టు. బయలుదేరేముందు ఇంట్లో ఒకరికి ఏ వైపు పోతున్నదీ, ఎన్ని గంటలకు వచ్చేదీ చెప్పి పోవాలి. మా ఇంట్లో ఎవరైనా రాత్రిపూట బయట ఉంటే ఊరి చివరి చింతచెట్టుకు లాంతరు కట్టే వాడుక 1963 తరువాతే వచ్చింది. కట్టేది మా జేజి.

ఇక్కడ మా ప్రాంతానికి చెందిన ఒక హెచ్చరిక చెప్పాలి. దారి తప్పితే వాగు వెంట క్రిందికి దిగు, ఊరు వస్తుందని పుస్తకాల్లో వ్రాస్తారు. అంచెట్టి వైపు అడవుల్లో ఈ సలహా పట్టుకున్నవాడు చెడతాడు. అక్కడ ఊళ్ళు పైన మెట్ట మీద ఉన్నాయి. వంకలు మాత్రం మనుషులు లేని కావేరి లోయలోకి దిగిపోతాయి. పైగా రాత్రి నీళ్ళ దగ్గరికి వచ్చేది మనం ఒక్కరమే కాదు. అట్లాగే అడవిలో సాఫుగా, వెడల్పుగా, ముళ్ళు లేకుండా ఉన్న బాట చూసి మురిసిపోరాదు. చాలాసార్లు అది ఏనుగులు నడిచి నడిచి చేసిన బాట.

ఆకాశంలో వేటగాడు

ధ్రువనక్షత్రం ఉత్తరం చూపిస్తుందని పిల్లలకు బడిలో చెబుతారు. అది నిజమే. కాని ఏ ఊళ్ళో ఉన్నామో ఆ ఊరి అక్షాంశం ఎంతో, ధ్రువుడు క్షితిజానికి అంత ఎత్తులోనే ఉంటాడు. కార్బెట్టు తిరిగిన కుమావూఁలో అది సుమారు 29 డిగ్రీలు. డెంకణికోటలో పన్నెండున్నరే. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు అనుకుంటే, మా ఊళ్ళో ధ్రువుడు ఒక పిడికిలికి కొంచెం పైన మాత్రమే ఉంటాడు. ఎదుట ఒక గుట్ట ఉంటే చాలు, కనిపించడు. అందుచేత మా వైపు వేటగాళ్ళు ధ్రువుణ్ణి అంతగా నమ్ముకోలేదు. వాళ్ళు నమ్మినది వరుసగా నిలిచిన మూడు చుక్కలను. మా ఇంట్లో వాటిని గొల్లకావడి అంటాము.

ఈ మూడు చుక్కలు ఆకాశపు నడిగీతకు, అనగా ఖగోళ మధ్యరేఖకు, చాలా దగ్గరగా ఉన్నాయి. అందువల్ల ఏ ఊళ్ళో చూసినా దాదాపు సరిగ్గా తూర్పున ఉదయించి సరిగ్గా పడమట అస్తమిస్తాయి. మార్గశిర పూర్ణిమ ప్రాంతంలో ప్రొద్దుగూకిన కొంచెంసేపటికి తూర్పున, తెల్లవారుజామున పడమట ఉంటాయి. నడినెత్తిన ఉన్నప్పుడు మాత్రం దిక్కు చెప్పవు. ఒక గంట ఆగి, ఏ వైపు వాలుతున్నాయో చూస్తే అది పడమర.

చిత్రమేమంటే ఈ చుక్కల చుట్టూ మన పూర్వులు అల్లిన కథ కూడా వేట కథే. ప్రజాపతి లేడి రూపంలో పరుగెత్తగా రుద్రుడు వేటగాడై బాణం వేశాడని ఐతరేయ బ్రాహ్మణం చెబుతుంది. ఆ లేడి మృగశిర. దానికి ఆగ్నేయంగా తళతళ మెరిసే పెద్ద చుక్క మృగవ్యాధుడు. మూడు కణుపుల బాణం ఈ మూడు చుక్కలు. ఆకాశంలో వేటగాడు ఇన్ని వేల ఏళ్ళుగా వేటాడుతూ ఒక్క రాత్రి కూడా దారి తప్పలేదు.

వేసవి చివర ఈ చుక్కలు కనిపించవు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంకాలాల్లో దక్షిణాన త్రిశంకు చుక్కలు నిలువుగా నిలిచి దక్షిణం చూపుతాయి. వానకాలంలో తేలువంటి వృశ్చికం దక్షిణపు ఆకాశంలో ప్రాకుతుంది. అయితే ఏ చుక్కనైనా గంటల తరబడి పట్టుకుని నడవకూడదు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. పావుగంటకు ఒకసారి లెక్క సరిచూసుకోవాలి.

పంచాంగం చెప్పే వెన్నెల

మనం పంచాంగాన్ని పెళ్ళిళ్ళకు, తద్దినాలకు విప్పుతాము. వేటగాళ్ళు దాన్ని వెన్నెల కోసం చూసేవారు. లెక్క సులభం. పూర్ణిమ నాడు సూర్యుడు అస్తమించే వేళకు చంద్రుడు తూర్పున వస్తాడు. తరువాత రోజుకు సుమారు రెండు ఘడియలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ అష్టమి నాటికి నడిరేయి అవుతుంది. శుద్ధ అష్టమి నాడు సాయంకాలానికే నడినెత్తిన ఉండి నడిరేయికి పడమట దిగుతాడు. కాబట్టి తిథి తెలిసినవాడికి చంద్రుడు గడియారమూ అవుతాడు, దిక్సూచీ అవుతాడు. శుక్లపక్షంలో సాయంకాలం చంద్రుడి వెలుగు ప్రక్క పడమటి వైపు, కృష్ణపక్షంలో తెల్లవారుజామున తూర్పు వైపు ఉంటుంది. వెలుగు ప్రక్క ఎప్పుడూ సూర్యుడున్న వైపే.

దీపం చేసే ద్రోహం

చీకట్లో దీపం మిత్రుడే గాని ద్రోహి కూడా. మన కంటికి చీకటి బాగా అలవాటు కావడానికి అరగంట దాకా పడుతుంది. తెల్లని టార్చి ఒక్కసారి కంట్లో పడితే ఆ అలవాటు వెంటనే పోతుంది. ఆ తరువాత టార్చి వెలుగు పడినంతమేరే లోకం, మిగతాది గోడ. అందుకే అనుభవమున్నవాళ్ళు దీపాన్ని కాళ్ళ దగ్గరికి, నేలకు వంచి పట్టుకుంటారు. ఎర్రని వెలుగు కంటిని అంతగా చెడగొట్టదు. టార్చి గాజుకు ఎర్ర కాగితం కట్టుకుంటే మేలు. ఎదురుగా బండి దీపం వస్తే ఒక కన్ను మూసుకుంటే ఆ కంటికైనా చీకటి చూపు మిగులుతుంది. మసకగా ఉన్న వస్తువును నేరుగా గుచ్చి చూడక కొంచెం ప్రక్కకు చూస్తే బాగా ఆనుతుంది. మసక వెలుగును పట్టే శక్తి కంటి నడుమ కంటె అంచుల్లో ఎక్కువ.

ఇప్పుడు అందరి చేతిలోను సెల్‌ఫోను ఉంది. దానిలోని జీపీఎస్‌కు టవరు అక్కరలేదు, ఉపగ్రహాలు చాలు. కాని దారి చూపించే పటం ముందుగా ఫోనులో దింపుకుని ఉండాలి. బండి నిలిపిన చోటును బయలుదేరేముందే గుర్తు వేసుకోవాలి. దట్టమైన చెట్ల క్రింద, లోయల్లో అది చెప్పే చోటు కొంచెం తప్పవచ్చు. అన్నిటికంటె ముఖ్యం బ్యాటరీ. దాన్నే టార్చిగా వాడుకుంటూ పోతే రెండు విధాలా నష్టం. దిక్సూచి ఉంటే మంచిదే; ఇనుమును, అయస్కాంతాన్ని దాని దగ్గరికి రానీయరాదు.

మేము కూర్చున్న రాత్రి

ఇదంతా చదివి, విని తెలిసినవాణ్ణే గాని నేను స్వయంగా పరీక్షకు నిలిచింది ఒక్కసారి. 2017 నవంబరులో ఒక శనివారం, కార్తీక బహుళ అష్టమి ప్రాంతం. అక్కగారి ఊరికి పోయాను. వాళ్ళ ఆవు మేతకు పోయి రాలేదు. దూడ అరుస్తూ ఉంది. బావ, నేను బయలుదేరి, బాట మీద మోటారుసైకిలు నిలిపి, తూర్పు వైపుగా అడవి అంచులోకి దిగాము. ప్రొద్దుగూకే వేళ అడవి అంచు దాటడమే మా మొదటి తప్పు. ఆవు గంట వినిపించినట్టయి ఆ చప్పుడు వెంట పోవడం రెండవ తప్పు. వెనక్కి తిరిగి చూడకపోవడం మూడవది. ముప్పావు గంటలో చీకటి పడింది, మబ్బు కమ్మింది. నా ఫోను టార్చిగా వెలిగి వెలిగి ఆరిపోయింది. బావ తన ఫోను ఇంట్లోనే మరచి వచ్చాడు.

కొంతదూరం నడిచాము. ఒక తెల్లని బండ దాటాము. మరికొంతసేపటికి మళ్ళీ ఒక తెల్లని బండ. చేత్తో తడిమితే మొదటిసారి బావ దాని మీద పెట్టి మరచిన తాటిపగ్గం తగిలింది. అప్పుడు నాకు పెద్దతాత చాచిన కాలు గుర్తుకు వచ్చింది.

"ఇంక నడిచేది లేదు బావా. ఈడనే కూర్చుందాం" అన్నాను.

శివరాత్రి కథలో బోయవాడు కూడా ఇదే చేశాడు. అడవిలో ప్రొద్దుపోయింది, ఇంటికి దారి లేదు. వాడు తడుముకుంటూ నడవలేదు. మారేడు చెట్టెక్కి తెల్లవార్లూ మెలకువగా కూర్చున్నాడు. వాడికి మోక్షం వచ్చింది. మాకు అంత ఆశ లేదు, మోకాళ్ళు దక్కితే చాలుననుకున్నాము. బాట మీద కాకుండా, బండను వీపుకు ఆనించుకుని కూర్చుని, కొంచెంసేపటికి ఒకసారి మూడేసి కూతలు వేశాము.

నడిరేయి దాటిన తరువాత మబ్బు విచ్చి చంద్రుడు పైకి వచ్చాడు. అష్టమి చంద్రుడు ఆ వేళకు వచ్చాడంటే అది తూర్పే. మేము బాటకు తూర్పున దిగాము గనుక చంద్రుణ్ణి వీపున పెట్టుకుని నడిస్తే బాట తగలాలి. దిక్కు తెలిసింది.

"లెయ్యప్పా, పోదాం. మీ అక్క ఏడుస్తా ఉంటాది" అన్నాడు బావ.

ఆయన మాటా నిజమే. అక్క ఎట్లా ఉందో అన్న బాధ నాకూ ఉంది. కాని దిక్కు తెలియడం వేరు, దారి కనిపించడం వేరు. ఆ అరచందమామ వెలుగు పొదల క్రిందికి దిగడం లేదు. తెల్లవారితే పోదామని బ్రతిమాలి కూర్చోబెట్టాను. మూడు గంటల ప్రాంతంలో పడమటి వైపున కొమ్మ విరిగిన చప్పుడు, తరువాత మరొకటి, కడుపులో ఉరిమినట్టు ఒక గుర్రు. ఇద్దరమూ కూతలు మానేశాము. ఊపిరి కూడా మానేశామనే చెప్పాలి.

తెల్లవారి చూస్తే మేము కూర్చున్న బండకు బాట మూడు ఫర్లాంగులే. ఆ మూడు ఫర్లాంగుల నడుమ, చంద్రుణ్ణి వీపున పెట్టుకుని మేము నడవదలచిన చోట, ఏనుగుల అడుగులు, ఇంకా ఆవిరి పోని లద్దెలు. బావ వాటిని చూసి, నన్ను చూసి, ఏమీ అనలేదు. ఇంటికి చేరేసరికి ఊళ్ళోవాళ్ళు వాచర్లను వెంటబెట్టుకుని మా కోసం బయలుదేరుతున్నారు. ఆవు మాత్రం ముందు రాత్రి 8 గంటలకే ఇల్లు చేరి దూడకు పాలిచ్చిందట. అక్క రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

చివరి మనవి

నేను చెప్పదలచినది చిన్న సంగతి. చీకట్లో దారి కనుక్కోవడమంటే గబగబ నడిచే నేర్పు కాదు. పోయేటప్పుడు వెనక్కి చూసే ఓపిక, తప్పినప్పుడు నిలబడే ధైర్యం, ఈ రెండే. చుక్కలు, చంద్రుడు, ఫోను, దిక్సూచి ఇవన్నీ ఆ రెంటికీ సాయం వచ్చేవే గాని వాటికి బదులు కావు. ఎవరైనా రాకపోతే ఇంట్లోవాళ్ళు తామే దీపాలు పట్టుకుని చీకట్లోకి పరుగెత్తకుండా వెంటనే 112కు గాని, దగ్గరి అడవిశాఖ వారికి గాని తెలపాలి. వెదికేవాళ్ళు కూడా తప్పిపోతే బాధ రెట్టింపవుతుంది.

మన పత్రికను చదివే కుటుంబాలు చాలా చోట్ల ఉన్నాయి. ఒరిస్సా కొండల్లో ఉన్నవారికి, మహారాష్ట్ర అడవుల అంచున ఉన్నవారికి, యానాంలో గోదావరి పాయల మీద రాత్రివలకు పోయేవారికి చుక్కల పేర్లు, దారి గురుతులు వేరే ఉండవచ్చు. గొల్లకావడిని మీ ఇంట్లో ఏమంటారు? మీ పెద్దలు దేన్ని చూసి ఇల్లు చేరేవారు? వాళ్ళు ఉండగానే అడిగి వ్రాసి పంపండి. మా తాతను నేను ఇంకా చాలా అడగవలసింది.

మా పాత లాంతరు ఇప్పుడు వెలగదు. ఊరి చివర కరెంటు దీపం వచ్చింది. అయినా ఇంట్లో ఎవరైనా రాత్రి ఆలస్యమైతే మా అమ్మ వీధిగుమ్మం దగ్గర దీపం ఆర్పనివ్వదు. ఎందుకని మా పిల్లలు అడిగారు. అప్పుడు వాళ్ళకు ఈ కథ మొదటిసారి చెప్పాను, తుపాకి పేలిన చోట ఆపకుండా.